పడక ఇరుకైతే గూడు తేలికే!

పట్టుపురుగుకు ఆకు ఎంత ముఖ్యమో, చోటు కూడా అంతే ముఖ్యం. గుడ్లు ఎన్ని దింపుకోవాలో తోటలో ఆకును చూసి కాదు, షెడ్డులో చోటును చూసి తేల్చుకోవాలి.

మడకశిర వైపు ఒక పల్లె. ఎకరా మల్బరీ, ఇంటి వెనుక చిన్న షెడ్డు. ఆలుమగలిద్దరే పురుగు మేపుతారు. కూలీలను పెట్టుకునే స్తోమత లేదు. ఏటా నాలుగైదు పంటలు తీస్తారు. పంటకు 75 గుడ్లు దింపితే 50 కిలోలకు పైగానే గూళ్లు వచ్చేవి. ఒక ఏడు వానలు బాగా పడి తోట ఏపుగా పెరిగింది. పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల కూడా అదే. ఈసారి 125 గుడ్లు దింపారు.

"ఆకు శానా ఉండె సామీ. ఊరికే ఎందుకు పోగొట్టుకోవాల, యాభై గుడ్లు ఎక్కువ దింపుదాం అనుకున్నాం. మూడో జ్వరం వరకు బాగానే ఉండె. నాలుగో జ్వరం లేచినాక చూస్తే పురుగు పైన పురుగు. ఆకు ఎంత వేసినా ఎదగలా" అని ఆ ఇల్లాలు చెప్పింది.

చివరకు చేతికి వచ్చినవి 60 కిలోలు. గూళ్లు తేలిక. జంట గూళ్లు, మరక గూళ్లు ఏరేసరికి గంపెడు అయ్యాయి. మార్కెట్టులో రీలర్లు గూటిని వేళ్ల మధ్య నొక్కి చూసి ధర తగ్గించారు. అంటే 50 గుడ్లు ఎక్కువ మేపినందుకు అదనంగా వచ్చింది 8 కిలోలే. ఆ ఎనిమిది కిలోల కోసం దాదాపు 400 కిలోల ఆకు, చాకీ పురుగుల ఖర్చు, వారం రోజుల నిద్ర పోయాయి. మొత్తం సరుకుకు ధర కూడా పోయింది. "మందు కొట్టిన ఆకు ఏమైనా తగిలిందేమో అనుకున్నాం" అన్నాడు ఇంటాయన. ఆకులో లోపం లేదు, మందు తగల్లేదు. పడక ఇరుకైంది, అంతే.

పది వేల రెట్ల ఎదుగుదల

రైతుల లెక్కలో ఒక గుడ్డు అంటే ఒక తల్లి రెక్కల పురుగు పెట్టిన మొత్తం గుడ్లు. అందులో 400 నుంచి 500 పిల్లలు ఉంటాయి. 100 గుడ్లు దింపామంటే 40 వేలకు పైగా పురుగులను సాకడానికి ఒప్పుకున్నట్టే.

గుడ్డులోంచి వచ్చినప్పుడు పట్టుపురుగు బరువు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. గూడు కట్టే నాటికి నాలుగు గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. అంటే 25 రోజుల్లో దాదాపు 10 వేల రెట్లు పెరుగుతుంది. ఇంట్లో పెంచే పశువులేవీ ఇంత వేగంగా ఎదగవు. దూడ ఎదిగితే కొట్టం ఇరుకైందని మన కంటికే తెలుస్తుంది. పురుగు విషయంలో నిన్న సాయంత్రం సరిపోయిన పడక రేపు ఉదయానికి చాలదు. చూస్తూ చూస్తూనే ఇరుకైపోతుంది.

పైగా మొత్తం జీవితంలో తినే ఆకులో సుమారు 85 శాతం ఐదో దశలోనే, అంటే చివరి ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. పట్టు గ్రంథులు ఎదిగేదీ అప్పుడే. పండిన పురుగు శరీరంలో పట్టు గ్రంథుల బరువే 40 శాతం దాకా ఉంటుంది. కాబట్టి చాకీలో కష్టపడి కాపాడుకున్న పంటను ఈ చివరి వారంలో చోటు ఇవ్వకుండా చేజార్చుకుంటే అంతకు మించిన నష్టం లేదు.

ఇరుకులో ఏం జరుగుతుంది?

"ఆకు నిండుగా వేస్తున్నాం కదా, ఇరుకైతే ఏం?" అని చాలామంది అడుగుతారు. ఇరుకు నాలుగు రకాలుగా దెబ్బ తీస్తుంది.

మొదటిది, మేత అందరికీ అందదు. పట్టుపురుగు మేత కోసం దూరం నడవదు. తన ముందున్న ఆకే తింటుంది. దట్టంగా ఉన్న పడకలో బలమైనవి పైకి ఎక్కి లేత ఆకు తింటాయి. బలహీనమైనవి అడుగున ఉండి నలిగిన ఆకు, ఎండిన ఆకు కొరుకుతాయి. ఒకే రోజు పుట్టినవే అయినా వారం తిరిగేసరికి పెద్దవి, చిన్నవి అని రెండు వర్గాలవుతాయి.

రెండోది, జ్వరం ఒకేసారి రాదు. సమానంగా తిన్న పురుగులు సమానంగా జ్వరానికి పోయి, సమానంగా లేస్తాయి. ఎదుగుదలలో తేడా వస్తే కొన్ని జ్వరంలో ఉండగా మరికొన్ని ఇంకా మేత అడుగుతుంటాయి. మేత వేస్తే జ్వరంలో ఉన్నవి ఆకు కింద పడతాయి. పడక తడిగా ఉండి పొర విడవడం కష్టమవుతుంది. మేత ఆపితే మిగిలినవి పస్తుంటాయి. ఎటు చూసినా నష్టమే.

మూడోది, పడక వేడెక్కుతుంది. వేల పురుగులు వదిలే ఆవిరి, పెంట, మిగిలిన ఆకు కలిసి పులుస్తాయి. ఘాటు వాసన వస్తుంది. షెడ్డులో ఉష్ణమాపకం 26 డిగ్రీలు చూపుతున్నా పడక లోపల వేడి, చెమ్మ అంతకు మించి ఉంటాయి. ఐదో దశ పురుగుకు కావలసింది 24, 25 డిగ్రీల వేడి, 65 నుంచి 70 శాతం తేమ, ధారాళమైన గాలి. ఇరుకు పడకలో ఈ మూడూ దొరకవు.

నాలుగోది, రోగం. పురుగు కాళ్లకు సన్నని కొక్కేల్లాంటి గోళ్లుంటాయి. ఒకదానిపై ఒకటి పాకినప్పుడు చర్మం గీరుకుపోతుంది. పాలరోగం వచ్చిన పురుగు చర్మం పగిలి పాలలాంటి రసం కారుతుందని మీకు తెలుసు. ఆ రసం పక్క పురుగు గీతల్లోకి, అది తినే ఆకు మీదికి చేరితే చాలు. దూరం దూరంగా ఉన్న పడకలో పదింటితో ఆగే రోగం, ఇరుకు పడకలో అర మొత్తం పాకుతుంది. పురుగు మెత్తబడి వాడిపోయే ఫ్లాచరీకీ ఇరుకు, ఉక్క, పులిసిన ఆకు దారి చేస్తాయి.

ఈ మాట నేటిది కాదు. ఫ్రాన్సులో పట్టు రైతులు పురుగులు చచ్చి దివాళా తీస్తున్నప్పుడు 1865లో లూయీ పాశ్చర్ శాస్త్రవేత్తను అలె అనే ఊరికి పంపారు. ఆయన ఐదేళ్లపాటు పట్టుపురుగుల రోగాలను పరిశీలించి 1870లో పుస్తకం ప్రచురించారు. ఫ్లాచరీ విషయంలో ఆయన వేలెత్తి చూపిన వాటిలో పులిసిన ఆకు, గాలి ఆడని గదులు ఉన్నాయి. మందులెన్ని వచ్చినా ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది.

పోయిన బరువు తిరిగి రాదు

ఇక్కడ రైతు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. పురుగు ఎదుగుదలకు ఒక మలుపు ఉంది. నాలుగో జ్వరం లేచిన మొదటి రెండు మూడు రోజుల్లో మేత సరిగా అందకపోతే పురుగు తొందరపడదు. రోజులు పొడిగించుకుని, తినే అవకాశం కోసం చూస్తుంది. కొంత బరువు పెరిగి ఆ మలుపు దాటిందంటే ఇక ఆగదు. ఆ తర్వాత మేత చాలకపోయినా రోజులు పెంచుకోదు. ఉన్న పట్టుతోనే చిన్న గూడు కట్టి ఊరుకుంటుంది.

అందుకే ఇరుకు మొదట్లో వస్తే పంట ఆలస్యమవుతుంది, పురుగు హెచ్చుతగ్గులవుతుంది. చివర్లో వస్తే గూడు చిన్నదవుతుంది. పండే ముందు రోజు మంచి ఆకు రెండింతలు వేసినా పోయిన బరువు తిరిగి రాదు.

గూటి బరువులో కొద్ది తేడా ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. 40 వేల గూళ్లు వచ్చాయనుకుందాం. గూడు 1.8 గ్రాములు ఉంటే 72 కిలోలు. 1.5 గ్రాములు ఉంటే 60 కిలోలు. చేతిలో పెట్టుకుంటే తెలియని 0.3 గ్రాముల తేడాకు 12 కిలోల గూళ్లు పోయాయి. ఆ రోజు మీ మార్కెట్టులో ధర ఎంతుంటే దాంతో గుణించుకోండి. పలచని గూటికి ధరలో కోత అదనం.

పొలంలో పురుగులకు లేని కష్టం

ఒక రైతు అడిగాడు: "పంటమీద పడే పురుగులు గుంపులు గుంపులుగా ఉన్నా బాగానే బలుస్తాయి కదా, వీటికే ఎందుకీ సుకుమారం?" మంచి ప్రశ్నే. అవీ రెక్కల పురుగు పిల్లలే. అయితే ఇరుకును తప్పించుకునే దారులు వాటికి ఉన్నాయి.

శనగపచ్చ పురుగును చూడండి. పెద్ద పురుగు చిన్నదాన్ని తినేస్తుంది. 2018లో మన దేశంలోకి వచ్చిన మొక్కజొన్న కత్తెర పురుగూ అంతే. సుడిలో ఎన్ని పిల్లలు దూరినా చివరకు చాలావరకు ఒక్క పెద్ద పురుగే మిగులుతుంది. సైనిక పురుగులు గుంపు పెరిగితే రంగు ముదిరి నల్లబడతాయి. చేలో మేత అయిపోతే దండులా పక్క చేనుకు నడుస్తాయి. వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళి పురుగులు గట్లు దాటి పోవడం అనంతపురం రైతులకు చెప్పక్కర్లేదు.

పట్టుపురుగుకు ఈ దారులేవీ లేవు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి అడవి గుణం పోగొట్టుకుంది. పక్కదాన్ని తినదు. పడక దాటి పోదు. రెక్కలొచ్చినా ఎగరలేదు. దానికి చోటు చూపాల్సింది మనమే.

ఏ దశలో ఎంత చోటు?

100 గుడ్ల పురుగుకు సుమారుగా ఈ కింది చోటు ఉండాలి.

మొదటి దశ: మొదట 4 చదరపు అడుగులు, చివరికి 15.
రెండో దశ: 15తో మొదలై 45.
మూడో దశ: 45తో మొదలై 90.
నాలుగో దశ: 90తో మొదలై 200.
ఐదో దశ: 200తో మొదలై సీబీ అయితే 450 నుంచి 500. బైవోల్టిన్ అయితే, ముఖ్యంగా కొమ్మల మేపులో, 600 నుంచి 700.

ఒక్కో దశలో చోటు రెట్టింపు నుంచి దాదాపు నాలుగింతల దాకా పెరుగుతున్నదని గమనించండి. ఈ పెంపు దశ చివర ఒక్కసారిగా ఇవ్వకూడదు. ప్రతి రోజూ మేత వేసేటప్పుడు పడక అంచులను కొద్దికొద్దిగా జరుపుతూ పోవాలి. పురుగు ఎదగకముందే చోటు సిద్ధంగా ఉండాలి. ఇరుకైన తర్వాత జరిపితే అప్పటికే ఒక పూట ఎదుగుదల పోయినట్టే. ముఖ్యంగా జ్వరానికి పోయే ముందు పడక పలచగా ఉండేలా చూసుకోవాలి. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు కాబట్టి అప్పుడు సర్దడం కుదరదు.

అలాగని మరీ పలచగా వేయడమూ మంచిది కాదు. పురుగు లేని చోట పడిన ఆకు ఎండిపోయి వృథా అవుతుంది. చాకీ దశలో ఆకు త్వరగా వాడిపోతే పసి పురుగుకు మేత దొరకదు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

షెడ్డును బట్టి గుడ్లు

ఇప్పుడు లెక్క వెనకనుంచి వేయాలి. గుడ్లు దింపే రోజున చూడాల్సింది చాకీ తట్టల్లో చోటు కాదు, ఐదో దశ ఆరో రోజున ఉండే చోటు.

ఉదాహరణకు మీ స్టాండు 5 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు ఉంది అనుకుందాం. ఒక అర 125 చదరపు అడుగులు. మూడు అరలకు 375. సీబీ 100 గుడ్లకు 480 చొప్పున చూస్తే ఈ స్టాండుకు 75 గుడ్లు సరిపోతాయి. బైవోల్టిన్ అయితే 55 దాటకూడదు. ఇలాంటి స్టాండ్లు రెండుంటే సీబీ 150, బైవోల్టిన్ 110. మొదట చెప్పిన ఇంటిలో ఉన్నది ఇలాంటి ఒక్క స్టాండే. 75 గుడ్లకు చాలిన చోటులో 125 గుడ్ల పురుగును సర్దాలని చూశారు.

ఆకు లెక్క కూడా చూసుకోవాలి. సీబీ 100 గుడ్లకు 800 నుంచి 1,000 కిలోల ఆకు కావాలి. చోటు లెక్క, ఆకు లెక్క రెండూ వేసి ఏది తక్కువ వస్తే అన్ని గుడ్లే దింపుకోవాలి.

అడుగు చదరం చేసుకోండి

పడక ఇరుకైందో లేదో కంటిచూపుతో తేల్చడం కష్టం. పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. నాలుగు వెదురు బద్దలు కట్టి, లోపల సరిగ్గా అడుగు పొడవు, అడుగు వెడల్పు వచ్చేలా చదరం చేసుకోండి. ఐదో దశ మూడో రోజున, ఆకు తినేసిన తర్వాత, పడక మీద నాలుగైదు చోట్ల దాన్ని ఉంచి లోపలి పురుగులను లెక్కపెట్టండి. అంచున ఒకచోట, నడుమ రెండుచోట్ల తప్పక చూడాలి. నడుమనే పురుగు గుమిగూడుతుంది.

సీబీ పురుగు అడుగు చదరంలో 85 నుంచి 100 వరకు ఉంటే పడక సరిగ్గా ఉంది. బైవోల్టిన్ అయితే 65, 70 చాలు. లెక్క 120 దాటితే ఆ పూటే పలచబరచాలి. నాలుగో దశ చివర ఇదే చదరంలో 200 నుంచి 225 వరకు ఉండవచ్చు. బడికి పోయే పిల్లలకు ఈ పని అప్పగిస్తే సరదాగా చేస్తారు. లెక్క గోడమీద సుద్దతో రాసుకుంటే వచ్చే పంటకూ పనికొస్తుంది.

ఇప్పటికే ఇరుకైతే?

పురుగు ఎక్కువైందని నాలుగో దశలోనే తెలిస్తే ఇంకా సమయం ఉంది. నాలుగో జ్వరం లేచాక మొదటి మేత వేసి, పురుగు కొమ్మలపైకి ఎక్కాక ఆ కొమ్మలతో సహా కొంత పురుగును వేరే పడకకు మార్చవచ్చు. చేత్తో ఏరితే పురుగుకు దెబ్బ తగులుతుంది. వల వాడితే ఇంకా మేలు.

మీ షెడ్డులో చోటు లేకుంటే, పక్క రైతు షెడ్డు ఖాళీగా ఉంటే పంచుకోవడం మేలు. అంతకుముందు ఆ షెడ్డును రోగనాశక మందుతో శుద్ధి చేసి ఉండాలి. పురుగుమందులు, ఎరువులు దాచిన గది మాత్రం ఎంత పెద్దదైనా పనికిరాదు. వరండాలో తాత్కాలికంగా స్టాండు వేస్తే చుట్టూ ఊజీ ఈగ దూరకుండా వల కట్టాలి.

ప్రతి జ్వరం తర్వాత అందరికంటే వెనకబడి లేచే పురుగులు కొన్ని ఉంటాయి. జాలిపడి వాటిని ఉంచకండి. రోగం మొదట కనిపించేది వాటిలోనే. తీసేసి సున్నం కలిపి గోతిలో పూడ్చిపెట్టాలి. రోగపు పురుగులను కోళ్లకు వేయడం, దిబ్బలో పారేయడం చేయరాదు. జ్వరం లేచాక, మేతకు అరగంట ముందు విజేత లాంటి పడక పొడి చల్లడం మానొద్దు. కానీ పొడి చల్లుతున్నాం కదా అని పడకను ఇరుకుగా ఉంచితే ఆ పొడి కాపాడలేదు.

చంద్రిక మీదా అదే నియమం

వారమంతా చోటు ఇచ్చి, చివర చంద్రికల దగ్గర పొదుపు చేసేవారు ఉన్నారు. పండిన పురుగు గూడు మొదలుపెట్టే ముందు చివరిసారి పెంట, మూత్రం వదులుతుంది. చంద్రికపై ఒత్తుగా ఉంటే అది పక్క గూటిమీద పడి మరక అవుతుంది. చోటు దొరకని పురుగులు రెండు కలిసి ఒకే గూడు కడతాయి. జంట గూటిలో రెండు పోగులు చిక్కుపడి ఉంటాయి కాబట్టి రీలర్లు దాన్ని మంచి గూళ్లతో కలపరు.

చదరపు అడుగుకు 40 నుంచి 45 పురుగులకు మించి వేయరాదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న చంద్రికకు సుమారు 1,000. అంటే 40 వేల పురుగులకు 40 చంద్రికలు కావాలి. సొంతవి చాలకుంటే పురుగు పండడానికి రెండు రోజుల ముందే అద్దెకు మాట్లాడి తెచ్చుకోవాలి. పురుగు పండాక పరుగులు పెడితే ఊళ్లో అందరికీ అప్పుడే అవసరం ఉంటుంది.

75 గుడ్లకే వచ్చారు

ఆ దంపతులు తరువాతి పంటకు మళ్లీ 75 గుడ్లే దింపారు. మిగిలిన ఆకు పక్క రైతుకు అమ్మారు. గూళ్లు 52 కిలోలు వచ్చాయి. 60 కిలోలు వచ్చిన పంటకంటే ఈ 52 కిలోలకే చేతికి ఎక్కువ డబ్బు మిగిలిందని ఇంటాయన చెప్పాడు. ఫీజు మాత్రం ఆ నెలలో అప్పు చేసి కట్టారు. ఆ వడ్డీ తీరేసరికి మరో రెండు పంటలు పట్టిందట.

"ఇంకో స్టాండు వేసినాకనే గుడ్లు పెంచుతాం సామీ. ముందు చోటు, తరువాతనే గుడ్లు" అని ఇల్లాలు ఖండితంగా చెప్పింది. గోడమీద ఆమె సుద్దతో రాసిన లెక్క ఇంకా ఉంది: నడుమ 92, అంచు 84.

రైతు సోదరులు, సోదరీమణులు వచ్చే పంటకు గుడ్లు రాయించుకునే ముందు టేపు తీసుకుని స్టాండు అరలు కొలుచుకోండి. ఏ జాతికి ఎంత చోటు, షెడ్డులో గాలి ఎలా ఆడాలి అన్న అనుమానాలుంటే దగ్గరలోని పట్టుపరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి.